అత్త నిమ్మకాయ నీళ్ళు

మొన్న యానాం బజారులో కొట్టాయన ఒక జింకు తొట్టిని రోడ్డు మీదకి లాగి, "పెళ్ళి వంటలకి దీన్ని మించింది లేదండి" అన్నాడు. "నీళ్ళకని అమ్ముకో బాబూ, వంటకని మాత్రం చెప్పకు" అనేసి వచ్చేశాను. పిచ్చిదనుకుని ఉంటాడు. మా మేనత్త ఇంట జరిగింది అతనికేం తెలుసు?

అత్తది అక్కడే అగ్రహారం అనే పేట. ఏటా చర్చి పండగనాడు ఊరేగింపు తన గుమ్మం ముందుకి రాగానే అందరికీ నిమ్మకాయ నీళ్ళు పోసేది. ఇంట్లో స్టీలు గిన్నెలు చాలడం లేదని ఆ ఏడు తళతళలాడే జింకు తొట్టి కొంది. పక్కింట్లో ఉండే తోడికోడలితో ప్రహరీగోడ గురించి మాటపట్టింపులున్నా, ఆవిడ చెట్టు నిమ్మకాయలు మాత్రం ఆ గోడ మీదుగానే వచ్చాయి. పంచదార బాగా కరగాలని అత్త ముందురోజు సాయంత్రమే అన్నీ పిండి, తొట్టి నిండా కలిపి, తెల్లటి గుడ్డ కప్పి ఉంచింది.

మర్నాడు మండుటెండలో జనం గ్లాసు మీద గ్లాసు తాగారు. ఒకావిడ మాత్రం, "ఏంటో వదినా, నాలిక్కి ఇనప ముక్క తగిలినట్టుంది" అంది. "తీపి తగ్గుంటది" అని అత్త ఇంకో దోసెడు పంచదార పోసింది. అందరికీ పొయ్యకుండా తను గుక్కెడు తాగే అలవాటు లేదు. ఊరేగింపు వీధి చివరికి చేరలేదు, బ్యాండు ఆగిపోయింది. బాకా ఊదేవాడు బాకా కింద పెట్టి కాలవ గట్టున వంగిపోయాడు. వెనకే ఒకరి తర్వాత ఒకరికి వాంతులు. పట్టుచీరలతోనే దారి మధ్య కూలబడ్డారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఓ చిన్నపిల్ల కళ్ళు తేలేసేసరికి అత్త చేతిలో గరిటె జారిపోయింది. పక్కింటివైపు చెయ్యి చూపించి, "విషం! కాయల్లో ఏదో పెట్టింది. గోడ కోసం ఊరినే చంపేత్తంది!" అని అరిచింది. వీధంతా వింది.

ఆసుపత్రిలో డాక్టరుగారు దేంట్లో కలిపారని అడిగారు. చెప్పగానే తల పట్టుకున్నారు. "ఇనుము తుప్పు పట్టకుండా దానిమీద జింకు పూత వేస్తారమ్మా. మామూలు నీళ్ళకి అది అంతగా లొంగదు. పులుపు తగిలితే కరిగిపోతుంది. రాత్రంతా నిమ్మరసం ఆ పూతని తింది, పొద్దున్న వీళ్ళు దాన్ని తాగారు. ప్రాణభయం లేదు, సాయంత్రానికి తేరుకుంటారు." అత్త నమ్మలేదు. నన్ను వెంటేసుకుని ఇంటికొచ్చి, మిగిలిన నీళ్ళు పారబోసి చూసింది. నీళ్ళు నిలిచినంత మేరా తొట్టి మెరుపు పోయి బూడిదరంగుకి తిరిగింది. పై అంచు మాత్రం కొత్తగానే ఉంది. అత్త ఆ గీతని వేలితో తడిమి చూసి, తొట్టిని బోర్లించేసింది.

మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళేసరికి, చివరి మంచం మీద సెలైను పెట్టించుకుని తోడికోడలు కనిపించింది. పనిమనిషి చేత తెప్పించుకుని రెండు గ్లాసులు తాగిందట.

"ఇసం కలిపినదాన్నైతే నేనే తాగుతానా అక్కా?" అంది, నీరసంగా.

అత్త జారిన దుప్పటిని ఆవిడ కాళ్ళ మీదకి లాగి సర్దింది.

ఆ సాయంత్రానికి అందరూ నడుచుకుంటూ ఇళ్ళకెళ్ళారు, ఆ చిన్నపిల్లతో సహా. మర్నాడు పొద్దున్నే అత్త పక్కింటికి వెళ్ళి తప్పయిపోయిందంది. ఆవిడ "పోనీలే అక్కా" అనేసింది. కానీ ఇద్దరూ మళ్ళీ ఒక అరుగు మీద కూర్చుని నవ్వుకోవడానికి ఎన్ని వేసవులు పట్టిందో! ఒక్క క్షణంలో నోరు జారిన మాటని వెనక్కి తీసుకోవడానికి ఎంత కాలం పడుతుందో, అది నాకిప్పటికీ ఆశ్చర్యమే.