పెద్దాయన జీపు, మా అత్త జవాబు

మా అత్త పోయిన మంగళవారం పొద్దున ప్రొద్దుటూరు ఆస్పత్రిలో కన్నుమూసింది. నర్సు వచ్చి చెప్పే సమయానికి నేను వరండాలో ఆమె కోసం రాగిజావ చల్లారుస్తున్నాను. ముందురోజే డాక్టరు ఆమెను ఇంకో ఆపరేషనుకు ఒప్పించాలని చూశాడు.

"చేస్తే బతుకుతానా అప్పా?" అని అడిగింది.

"అది మేం చెప్పలేం పెద్దమ్మా. దేవుని చేతిలో ఉంటుంది."

"ఆయన చేతిలో ఉంటే మధ్యలో నీ చెయ్యెందుకు?" అంది. డాక్టరు నవ్వు ఆపుకోలేక పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆమెను ఎరగనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. మాది జమ్మలమడుగు. అక్కడి ఆస్పత్రిలో మా అత్త కాన్పుల వార్డు ఆయాగా ముప్పై ఏళ్లు పనిచేసింది. ఊళ్లో సగం మందిని పుట్టగానే ఎత్తుకున్నది తనే కాబట్టి, ఎంతటివాళ్లనైనా 'నువ్వు' అనే పిలిచేది. మామ చిన్న వయసులోనే పోతే, ఒక్కగానొక్క కొడుకును, అంటే మా ఆయనను, ఆ జీతంతోనే పెంచింది. దేవుని చిత్తం తెలుసుకోకుండా అడుగు వేయదని ఆమెకు పేరు. ఆ పేరు విని మా ఇంటికి వచ్చేవాళ్లు ఎక్కువగా ఉండేవాళ్లు.

మా వీధిలో గొర్రెలు మేపుకునే ఇంటావిడ ఒకసారి వచ్చి, "అత్తా, మైదుకూరులో ఒక బర్రెను చూసినాం. కొనేది దేవుని చిత్తమో కాదో ప్రార్థన చేసి చెప్పు" అంది.

"పాలు పిండి చూసినారా?"

"ల్యా."

"పోయి పిండి చూడండి. చేతులిచ్చింది దేనికి? నీ బర్రె పొదుగు చూసే పని గూడా ఆయనకే పెడతావా?"

నేను పులివెందుల నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. ప్రతి పనికీ ఒక వరుస ఉండాలనుకునేదాన్ని. దేవుని చిత్తానికీ ఒక వరుస పెట్టాను. ఒక నోటుబుక్కులో పేజీకి నడిమధ్య గీత కొట్టి, ఎడమ పక్క 'అవును' అనిపించే గుర్తులు, కుడి పక్క 'కాదు' అనిపించే గుర్తులు తేదీలతో సహా రాసేదాన్ని. అత్త ఒకరోజు దాన్ని ఓపికగా తిరగేసింది. "శానా బాగుంది మ్మే. ఆయన యాడ సంతకం పెట్టాలో గూడా చూపించు," అంది.

ఆ పుస్తకం నిజంగా అవసరమైన ఏడాది ఒకటి వచ్చింది. పార్టీల పేరుతో ఊళ్లు రెండుగా చీలిపోయిన రోజులవి. పెండ్లి పత్రిక ఇవ్వడానికి పోయేవాళ్లు కూడా ఆ ఇల్లు ఏ పక్కదో కనుక్కొని పోయేవాళ్లు. మా ఆయనకు ఒక పాత జీపు ఉండేది. ముద్దనూరు మీదుగా పులివెందులకు మనుషులను తోలేవాడు. అతని చెయ్యి మంచిదని విని, మా వైపు పార్టీ నాయకుడు తన ముందు జీపుకు డ్రైవరుగా రమ్మని కబురు పెట్టాడు. ఆయనను అందరూ పెద్దాయన అనేవాళ్లు. ముందు జీపంటే ఆయన కూర్చునే బండి కాదు. ఆయన బండికి ముందు పోయేది. అందులో ఆయన మనుషులు, వాళ్ల సామాను, అంటే కత్తులు, నాటుబాంబులు ఉంటాయి. ఎదురుగా ఏది వచ్చినా మొదట తగిలేది దానికే.

మా ఆయన ఎగిరి గంతేశాడు. "పెద్దాయన బండి తోలితే పోలీసులు గూడా ఆపరమ్మా!"

"ఆపరు నాయనా. బాంబేసేవాళ్లు గూడా బండి ఆపమని అడగరు," అంది అత్త.

నాకప్పుడు ఆరో నెల. మొగుణ్ణి ఆ జీపులో ఊహించుకుంటే అన్నం దిగేది కాదు. కానీ వద్దని చెప్పించడానికీ భయమే. పెద్దాయనకు కాదని చెప్పిన ఇళ్లకు పని పుట్టేది కాదు. వీధిలో పలకరించేవాళ్లుండేవాళ్లు కాదు.

మా ఆయన తన పద్ధతిలో దేవుని చిత్తం వెతికాడు. కండ్లు మూసుకొని బైబిలు తెరిచి వేలు పెట్టాడు. రథాన్ని విపరీతమైన వేగంతో తోలే యెహూ కథ మీద పడింది.

"చూడమ్మా! తోలమనే చెప్తాండాడు!"

"ఆ అధ్యాయం కడదాకా చదివి, ఎంతమంది సచ్చినారో నాకు చెప్పు."

కాసేపటికి వచ్చి, "ఇద్దరు రాజులు, ఒక రాణి. రాణిని కిటికీలోంచి కిందికి తోసినారు," అని గొణిగాడు. ఆ ముగ్గురినీ నేను కుడి పక్క రాసుకున్నాను.

"వేలు పెట్టి వెతికితే మన ఇష్టమే దొరుకుతాది నాయనా," అంది అత్త.

సోమవారం పెద్దాయన స్వయంగా మా ఇంటికి వచ్చాడు. ఆయన కొడుకును మొదట ఎత్తుకున్న చేతులని అత్త మీద గౌరవం.

"ఏమక్కా, పిల్లోన్ని పంపిస్తావా?"

"దేవున్ని అడగాలప్పా."

రాహుకాలం చూడనిదే గడప దాటని మనిషి కాబట్టి ఆయన తప్పు పట్టలేదు. "అడుగు. ఎన్ని దినాలు పడుతుంది?"

"అబ్రహాము కొడుకు కోసం పాతికేండ్లు కాచుకున్నాడు."

"అంత టైము ల్యాక్కా. ఎలక్షన్లు వచ్చె."

అప్పటినుంచి ప్రతి సోమవారం వచ్చేవాడు. "ఏమన్నాడు?" అనేవాడు. "అడుగుతాండా," అనేది ఆమె. మజ్జిగ ఇచ్చి, అందరినీ చాప మీద కూర్చోబెట్టి ప్రార్థన మొదలుపెట్టేది. చెప్పులతో పాటు, చేతుల్లో ఉన్నవన్నీ గడప బయటే పెట్టి రావాలని ఆమె రూలు. ఒకసారి తడి గోనెసంచి కప్పిన బుట్ట ఒకటి అరుగు మీద కనిపిస్తే, ఎవరో ఉల్లిగడ్డలు తెచ్చారనుకొని చెయ్యి పెట్టబోయాను. లోపలినుంచి ఒకడు ఉరికొచ్చి, "అక్కా, అవి కూరకు పనికిరావు!" అన్నాడు.

ఆమె ప్రార్థన పొట్టిది కాదు. ఆదాము దగ్గర బయలుదేరి, ఊళ్లోని రోగులందరినీ పేరుపేరునా పలకరించి, అవతలి పార్టీ వాళ్లను, వాళ్ల పిల్లలను కూడా దీవించేది. అక్కడ 'ఆమెన్' అనాలో వద్దో తెలియక పెద్దాయన మనుషులు ఆయన మొహం చూసేవాళ్లు. ఆయన కండ్లు మూసుకొనే ఉండేవాడు. గురక పెడితే గానీ నిద్రపోయాడని తెలిసేది కాదు.

తొమ్మిదో సోమవారం పెద్దాయన మజ్జిగ ముట్టలేదు. "అక్కా, ఈపొద్దు నాకు జవాబు కావాల. అవునా, కాదా?"

మా ఆయన కొత్త చొక్కా వేసుకొని తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను వంటింటి గడప పట్టుకున్నాను.

"మొదటి దినమే చెప్పినాడప్పా," అంది అత్త. "వద్దన్నాడు."

పెద్దాయన చాప మీద నుంచి ముందుకు వంగాడు.

"మరి ఇన్ని వారాలు ఏం అడిగితివి?"

"నీ మొగం చూసి చెప్పే ధైర్యం ఇయ్యమని అడిగితి. అది నిన్న వచ్చింది. వచ్చింది గూడా కొంచెమే. అందుకే గోడకానుకొని నిలబడినా."

నిజమే. ఆమె వీపు గోడను వదల్లేదు. పెద్దాయన మజ్జిగ లోటా అందుకొని గటగటా తాగాడు. "మొదటి దినమే చెప్పింటే నాకు తొమ్మిది లోటాల మజ్జిగ తప్పిండేది గదక్కా," అని లేచాడు. గడప దగ్గర ఆగి, కొంచెం గొంతు తగ్గించి, "నన్ను గురించేమన్నా అన్నాడా?" అని అడిగాడు.

"నీకూ చెవులిచ్చినాడు గదప్పా. నీతోనే చెప్తాడు."

ఆ తర్వాత పదిహేను రోజులు ఏ బండి చప్పుడు విన్నా ఉలిక్కిపడ్డాం. ఏమీ జరగలేదు. మా ఆయన మాత్రం తల్లితో నెల రోజులు మాట్లాడలేదు. అన్నం పెట్టమని కూడా నా ద్వారానే అడిగేవాడు.

ఇలాంటి సంగతి మా చర్చి సంఘంలో సాక్ష్యంగా చెప్పేవాళ్లు, చివరికి ఆ జీపు మీద బాంబు పడిందని, మనవాడు తప్పించుకున్నాడని ముగిస్తారు. నేను జరిగింది జరిగినట్టు రాస్తాను. ఆ జీపుకు గీత కూడా పడలేదు. మా ఆయనకు బదులు చేరినవాడు ప్రొద్దుటూరులో మేడ కట్టాడు. ఆ మేడ ముందు నుంచి పోయినప్పుడల్లా మా ఆయన, "చూడమ్మా నీ దేవుని చిత్తం. పైన గ్రిల్లు గూడా పెట్టించినాడు," అనేవాడు.

ఏళ్ల తరబడి ఆమె ఊరుకుంది. ఒకరోజు మాత్రం జీపు ఆపించింది.

"నీ మీద బాంబు పడతాదని వద్దన్నాడనుకుంటివా? నువ్వు తోలిన బండిలోంచి ఇంకో తల్లి కొడుకు మీద పడతాదని వద్దన్నాడు నాయనా. ఆ పిల్లోన్ని గూడా పుట్టినప్పుడు నేనే ఎత్తుకొనింటా."

మా ఆయన గ్రిల్లు మాట మళ్లీ ఎత్తలేదు. ఇంటికొచ్చి నేను నా నోటుబుక్కు తీసి చూశాను. రెండు పక్కలా నిండా రాసినవన్నీ మాకు ఏమవుతుందన్నవే. మా వల్ల ఇంకొకరికి ఏమవుతుందన్నది ఒక్క వరుస కూడా లేదు. ఆ తర్వాత గీతలు కొట్టడం మానేశాను.

మంగళవారం ఆమెను ఇంటికి తీసుకుపోవడానికి వ్యాను మాట్లాడాం. మా ఆయన డ్రైవరును పక్క సీట్లో కూర్చోమని, తనే స్టీరింగు పట్టుకున్నాడు. జమ్మలమడుగు దారి అతనికి కండ్లు మూసుకున్నా తెలుసు. అయినా ఆ రోజు ఎంత మెల్లగా తోలాడంటే, పాలక్యాన్లు కట్టుకున్న సైకిలాయన ఒకడు మమ్మల్ని దాటి, వెనక్కి తిరిగి చూసి మరీ పోయాడు. వెనక బస్సులు, లారీలు హారన్లు కొడుతున్నాయి. మా ఆయన కిటికీలోంచి కుడి చెయ్యి బయటపెట్టి, అందరినీ ముందుకు పొమ్మని ఊపుతూనే ఉన్నాడు.