తీగ తడిమే చేయి

మా మేస్త్రిగారు పోయారని వాళ్ళమ్మాయి మొన్న పొద్దున్న ఫోన్ చేస్తే నమ్మలేదు. ఊరందరినీ ఆటపట్టించినవాణ్ణి, ఎవరో నాకే తిరిగి వడ్డిస్తున్నారనుకున్నాను. ఆవిడ ఏడుపు విన్నాక నమ్మక తప్పలేదు.

అమలాపురంలో కార్లకి పాటల సరంజామా బిగించే కొట్టు ఆయనది, నేనక్కడ పని నేర్చుకునే కుర్రాణ్ణి. పాట మోత పెంచే ఆంప్లిఫయర్ డబ్బా ఆగిపోయిందని ఎవరొచ్చినా ముందు దాన్ని విప్పేవారు కాదు. బ్యాటరీ దగ్గర మొదలెట్టి, కరెంటు తీగని ఆ చివరిదాకా వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళేవారు.

"నాడి ఆడుతోందాండీ, నలుగురిని పిలవమంటారా?" అని వెక్కిరించేవాణ్ణి.

"డబ్బాకి అన్నం అందే దారి ఇదేనయ్యా. ముందు దారి చూడు" అనేవారు.

ఒకరోజు ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు ముమ్మిడివరం నుంచి రొయ్యల చెరువుల ఆసామి కారు తెచ్చారు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందట. కొత్తది వేశాను, అదీ పోయింది. తీగ తడిమే ఓపిక నాకేది? ఫ్యూజు ఉండేచోట రాగితీగ చుట్టేశాను. పాట దద్దరిల్లింది. "ఇంక దీనికి చావులేదండి!" అని కోతలు కోసి పంపించాను.

మేస్త్రిగారు రాగానే గొప్పగా చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే.

"బండిలో ఎవరెవరున్నారయ్యా?"

"ఆయనా, వాళ్ళావిడా, వెనక సీట్లో చంటిపిల్లండి."

"ఫ్యూజు మనకోసం చచ్చిపోద్దయ్యా. దాన్ని చావనివ్వకపోతే మనుషులు పోతారు."

స్కూటరు మీద వెంటపడ్డాం. వెనక కూర్చుని ఫోన్ చేస్తూనే ఉన్నాను. మోగుతోంది, ఎత్తరు. ఎలా వినబడుతుంది, పాట నేను బాగుచేసిందాయె! దారిలో ఎవరో కొబ్బరిమట్టలు తగలబెట్టిన పొగ చూసి, ఆ కారేననుకుని కేకపెట్టాను.

ముమ్మిడివరం ఇంకాస్త దూరం ఉందనగా కారు అందింది. అడ్డంపెట్టి ఆపాం.

"ఏదో కమురు వాసన వస్తోందండి" అన్నారు ఆసామి దిగుతూ.

"ముందు పిల్లని దింపండమ్మా!" అని అరిచి, మేస్త్రిగారు బానెట్ ఎత్తి, కాలుతున్న తీగని వట్టి చేత్తో పీకేశారు. ముందు సీటు కింద తీగ తొక్క ఒరుసుకుపోయి ఇనుముకి తగులుతోంది. చుట్టూ పరిచిన గుడ్డ నల్లబడింది. ఒక్కసారి తడిముంటే నా వేలికే దొరికేది.

ఆ తప్పు నాదని ఆయన ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ బ్యాటరీకి తీగ తగిలించేముందు ఆ చివరిదాకా తడిమి చూస్తాను. ఇన్నాళ్ళూ అనుమానం తీరకపోతే "ఓసారి వచ్చి చూడండి" అని ఆయన్ని పిలిచేవాణ్ణి. "ఆయ్, వస్తున్నానయ్యా" అనేవారు. ఇకమీదట నా తప్పుకి అడ్డంపడే మనిషి లేడు.

ఆ రోజు ఆ రోడ్డువారన తల్లికి ఒళ్ళంతా వణుకు, పిల్లని పట్టుకోలేకపోయింది. మేస్త్రిగారు అందుకున్నారు. పిల్ల నిద్రలోనే ఉంది. కాలిన అరచేయి దానికి తగలకుండా ఎడంగా గాలిలో చాచి, ఆయన అటూ ఇటూ నడుస్తూనే ఉన్నారు.