అక్క కంటికి ఆరు వారాలు

సైటులో అందరూ అతన్ని తారీఖులాయన అనేవారు. ఎదురుపడితే సార్ అనేవారనుకోండి. ఆరంతస్తుల భవనం కడుతున్న కంపెనీలో అతని పని ఇటుక పేర్చడమూ కాదు, సిమెంటు కలపడమూ కాదు. ఏ పని ఏ రోజు మొదలై ఏ రోజు ముగియాలో గీతలు గీయడం. రేకుల షెడ్డు ఆఫీసులో గోడ పొడవునా ఆ కాగితం అంటించి ఉండేది. ఒక్కరోజు ఆలస్యమైతే భవనం మొత్తాన్ని ఒక్కరోజు వెనక్కి లాగే పనులకు ఎర్రగీత. కొన్నాళ్ళు అటూ ఇటూ అయినా కొంప మునగని పనులకు నీలంగీత. ఆ అటూ ఇటూ రోజులకు అతను పెట్టుకున్న పేరు వెసులుబాటు.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ వెసులుబాటు కంటపడితే చాలు, మహానుభావుడికి చేతులు దురద పెట్టేవి. నీలంగీత పనిని ముందుగా మొదలుపెట్టనిచ్చేవాడు కాదు. దాన్ని ఈడ్చుకెళ్ళి ఆఖరి తారీఖుకు ఆనించి, ఆ మనుషుల్ని ఎర్రగీత మీదికి తోలేవాడు.

"మధ్యలో ఏదైనా అడ్డమొస్తే ఎలా సార్?" అని పైపుల మేస్త్రీ అడిగితే, "రాకుండా చూసుకో" అనేవాడు. ఆఖరి తారీఖుకు నెట్టిన మరుక్షణం నీలంగీత కూడా ఎర్రగీతే అయిపోతుందని కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పేది కూడా ఈయనే! తెలియక చేశాడని ఎవరైనా వెనకేసుకొస్తే నాకు ఒళ్ళు మండేది అందుకే.

ఒకరోజు శ్లాబు కింద చెక్కలు బిగించే సెంట్రింగ్ మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. భార్యకు నొప్పులు మొదలయ్యాయట, రెండు రోజులు సెలవు కావాలన్నాడు.

"నువ్వు లేకపోతే కాన్పు ఆగదు. సెంట్రింగ్ ఆగుతుంది," అన్నాడు తారీఖులాయన, కాగితం మీంచి తల ఎత్తకుండా.

షెడ్డులో ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వాడు, ఏం చేస్తాడు పాపం.

ఇలాంటివాణ్ణి కళ్ళలో పెట్టుకుని చూసుకునే మనిషి లోకంలో ఒక్కతే ఉంది, అక్క. అమ్మానాన్నా పోయేనాటికి వీడికి తొమ్మిదేళ్ళు, ఆమెకు పందొమ్మిది. పెళ్ళీ గిళ్ళీ పక్కన పడేసి, కుట్టుమిషను ముందు కూర్చుని వీణ్ణి ఇంజనీరును చేసింది. ఆమెకు కుడికన్ను చిన్నప్పుడే పోయింది. ఉన్న ఎడమకంటితోనే ముప్ఫై ఏళ్ళు సూదిలో దారం ఎక్కించింది. ఇప్పుడు ఆ కంటి లోపల ఒత్తిడి పెరిగింది.

పరీక్షలయ్యాక, అక్క పక్కగదిలో కంట్లో మందు వేయించుకుంటూ ఉండగా, డాక్టరమ్మ తమ్ముణ్ణి పిలిచి చెప్పింది.

"ఆరు వారాల్లోపు ఆపరేషన్ అయిపోవాలి. చుక్కలమందు అంతకు మించి ఆపలేదు. ఈ జబ్బులో పోయిన చూపు తిరిగిరాదు. వచ్చే మంగళవారం ఖాళీ ఉంది, తీసుకురండి."

వీడు ఫోను తీసి చూశాడు. వచ్చే మంగళవారం అయిదో అంతస్తు శ్లాబు. ఎర్రగీత.

"ఆరో వారం గురువారానికి రాయండి డాక్టర్‌గారూ."

"అంత ఆఖరికా? ఎందుకండీ?"

"గడువులోపే కదా."

డాక్టరమ్మ ఒక్క క్షణం వీడి ముఖంలోకి చూసి, రాసింది. బయటికొచ్చాక అక్క ఎప్పుడని అడిగింది. "ఆరో వారమే కుదిరిందక్కా. అంతకుముందు వాళ్ళకు ఖాళీ లేదట," అన్నాడు. నోరెలా వచ్చిందో మరి! ఆవిడ మాత్రం, "సరేలేరా, తారీఖుల సంగతి నీకంటే ఎవరికి తెలుస్తుంది," అంది.

ఆ మంగళవారం తెల్లారేసరికి వాన పట్టుకుంది. కాంక్రీటు లారీలు రాలేదు. తారీఖులాయన షెడ్డులో కూర్చుని, సాయంత్రం దాకా గీతల్ని రెండేసి రోజులు వెనక్కి జరుపుతూ గడిపాడు. అక్క ఇంట్లో ఎవరిదో స్కూలు యూనిఫారానికి గుండీలు కుడుతోంది.

నాలుగో వారంలో ఒక సాయంత్రం మిషను దగ్గర్నుంచి పిలిచింది. "ఒరేయ్, కరెంటు పోయిందా?"

దీపం నెత్తిమీదే వెలుగుతోంది. వీడు దీపం వంక చూశాడు. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. ఇంకా పదిహేను రోజులుంది.

"చుక్కలమందు వల్ల మసకేస్తుందక్కా. అదే పోతుంది," అన్నాడు.

గురువారం రానే వచ్చింది. అక్కకు ఆపరేషన్ గౌను తొడిగారు. రక్తం పరీక్ష చేసిన నర్సు బయటికొచ్చి, చక్కెర బాగా ఎక్కువుంది, అది దిగేదాకా కత్తి పెట్టరు, పది రోజులైనా పడుతుంది అంది. వీడు ఆమె వెంటపడ్డాడు.

"పది రోజులు లేవమ్మా! ఇవాళే ఆఖరు! డాక్టర్‌గారికి చెప్పండి, కాళ్ళు పట్టుకుంటాను!"

ఎవరి కాళ్ళు పట్టుకున్నా ఒంట్లో చక్కెర దిగొద్దూ? అది దాని సమయం అది తీసుకుంది. పన్నెండో రోజున ఆపరేషన్ చేశారు.

మర్నాడు కట్టు విప్పి, డాక్టరమ్మ కంటి ముందు వేళ్ళు ఆడించింది. తర్వాత టార్చి వేసింది. అక్క ముఖం ఎటూ కదల్లేదు.

"ఆపరేషన్ బాగానే జరిగింది. చూపు మాత్రం అప్పటికే పోయిందమ్మా," అని, వీడి వైపు తిరిగింది. "మొదటి మంగళవారమే రమ్మన్నాను కదండీ. అప్పుడొచ్చుంటే, చక్కెర అడ్డమొచ్చినా ఇంకా మూడు వారాలు మిగిలేవి. మీరే కదా ఆరో వారం అడిగారు?"

  ఈసారి వీడికి ఏ అబద్ధమూ అందలేదు.

"ఏ మంగళవారం రా?" అంది అక్క.

"వానపడిన రోజక్కా."

ఆమె ఆ గొంతు వైపు ముఖం తిప్పింది.

"ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను కదరా," అంది.

అంతే. తిట్టలేదు, ఏడవలేదు. తిట్టినా బాగుండేది, వెధవ బతికిపోయేవాడు. మంచం దిగడానికి ఆమె చెయ్యి చాపింది. వీడు గబుక్కున వచ్చి పట్టుకున్నాడు. ఆ చెయ్యి ఎవరిదో తడిమి తెలుసుకుని, మెల్లగా విడిపించుకుంది.

"నర్సమ్మా, నువ్వు పట్టుకో తల్లీ," అంది. "వాడికి పనులుంటాయి."