ఎలుకకు ఇచ్చిన మందు మామకు ఇవ్వలేదు

నిన్న పొద్దున ల్యాబ్‌లో ఉండగా అత్త ఫోన్.

"మీ మామ పోయిండు బిడ్డా."

నా నోట్లోంచి మొదట వచ్చిన మాట ఏంటో తెలుసా? "అదేంది, గురువారం స్కాన్ ఉంది గదా!"

అవతల అత్త ఏడుస్తోంది. నేను అపాయింట్‌మెంట్ గుర్తు చేస్తున్నాను.

ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపమే. ఇప్పటికీ అదే ఎక్కువగా ఉంది, దాచుకోను.

మా మేనమామ నర్సయ్య. ముంబై పక్కన భివండిలో, కనేరి పేటలో, ముప్పై ఏళ్లు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపాడు. అన్నీ వేరేవాళ్లవే. అమ్మానాన్న ఊళ్లో కూలికి పోతుంటే, నన్ను తన ఒంటిగది ఖోలీలో పెట్టుకుని, మరాఠీ బడిలో వేసి చదివించింది ఆయనే. సాంచాల మోతలో మాట వినపడదు కాబట్టి ఇంట్లో కూడా అరిచే మాట్లాడేవాడు. మా ఇంట్లో సీక్రెట్ అనేదే లేదు.

అందుకే నేను చేసిన తప్పు అంత దూరం పోయింది.

నేను పుణెలో లివర్ క్యాన్సర్ మీద పనిచేసే ల్యాబ్‌లో ఉన్నాను. లిపిడ్ నానోపార్టికల్స్ చేస్తాం. అంటే కొవ్వుతో చేసిన, కంటికి కనబడని బుడగలు. వాటిలో ఒక సందేశం పెట్టి లివర్‌కు పంపుతాం. గడ్డ పక్కనే ఉండి కూడా పట్టించుకోని మన రోగనిరోధక కణాలను ఆ సందేశం లేపి, దాని మీదికి పంపుతుంది. కొన్ని ఎలుకల్లో గడ్డ చిన్నదైంది.

ఎలుకల్లో. మళ్లీ చెబుతున్నా, ఎలుకల్లో.

నిరుడు దసరాకు భివండి వచ్చినప్పుడు ఆ ఎలుకల స్కాన్ ఫోటోలు మామకు చూపించాను. గొప్ప కోసమే చూపించాను. ముందు పెద్ద మచ్చ, తర్వాత చిన్న మచ్చ. మర్నాడు టీ కొట్టు దగ్గర, సాంచాలు నడిపేవాళ్లందరి ముందు ఆయన క్లాస్ మొదలైంది.

"సాంచల అటిటు ఉరికే నాడె ఉత్తగ పోయొస్తె బట్ట అయితదా? లోపల నూలు కండె ఉండాలె. గా కొవ్వు బుడగ నాడె అన్నట్టు. అండ్ల మందు కండె. మా బిడ్డ గదే చేస్తది!"

నేను సెమినార్లలో అరగంట చెప్పేది మామ ఒక్క నిమిషంలో చెప్పేశాడు. ఎంత గర్వంగా అనిపించిందో. "ఇంకా మనుషులకు రాలేదు" అని అక్కడే అరవాల్సింది. అరవలేదు. టీ తాగాను.

మూడు నెలలకు మామ కళ్లు పచ్చబడ్డాయి. ముందు ఊరికి పోయి పసరు తాగి వచ్చాడు. ఒక నెల అట్లా పోయింది. చివరికి నేనే ముంబై తీసుకెళ్లి స్కాన్ చేయిస్తే లివర్‌లో గడ్డ. "చిన్నదే, వెంటనే ఆపరేషన్ చేద్దాం" అన్నాడు డాక్టర్.

మామ నా వైపు తిరిగి, అంతమందిలో, అదే సాంచాల గొంతుతో అన్నాడు.

"కోతలెందుకు? నీ మందు ఉంది గద!"

ఎన్నిసార్లు చెప్పానో. ఫోన్‌లో చెప్పాను, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాను. మనుషుల దాకా రావడానికి ఇంకా ఏళ్లు పడుతుంది మామా, వస్తుందో రాదో కూడా తెలియదు, నేను సీసాలో పోసి తెస్తే జైల్లో వేస్తారు, అని.

"ఎలుకకిస్తవ్ గని మామకియ్యవా?"

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పి చెప్పి నా గొంతు పోయింది.

డేట్ ఇచ్చినప్పుడల్లా ఒక సాకు. ఓసారి జ్వరం. ఓసారి భివండి రోడ్ స్టేషన్‌లో రైలు తప్పిపోయిందన్నాడు. రైలు వచ్చింది, ఆయనే ఎక్కలేదని అత్త తర్వాత చెప్పింది. తీరా ఒప్పుకునేసరికి ఆపరేషన్‌కు టైమ్ దాటిపోయింది. వేరే మందులు మొదలుపెట్టడానికే ఈ గురువారం స్కాన్.

ఈ పొద్దున ఖోలీ ముందు కూర్చున్నాం. మామ పక్క సాంచాలు నడిపే గంగారాం కాక వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవర్. ఆ కవర్ నా ఒళ్లో పెట్టాడు. రిపోర్టులు.

"నాది గూడ లివరే బిడ్డా. ఆపరేషన్‌కు రమ్మన్నరు. నర్సయ్యనే ఆగుమన్నడు, ఇద్దరికీ నువ్వే మందు తెస్తవని."

డేట్ చూశాను. రెండు నెలలైంది.

మామా! నువ్వొక్కడివి ఆగింది చాలలేదా?

అరిచాను. చావు ఇంట్లో, అందరి ముందు. "మందు ఎలుకలకే ఉంది కాకా! మనుషులకు లేదు! లేదు!"

కాక ముఖం పాలిపోయింది. "మరి నర్సయ్య అబద్ధం చెప్పిండా?"

"లేదు కాకా. నేనే ఫోటోలు చూపిచ్చి సప్పుడు జెయ్యక ఊకున్న. ఆయన నమ్మిండు."

ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి.

కాకను తీసుకుని ఇప్పుడే బయల్దేరతానన్నాను. చావైన మర్నాడు గడప దాటొద్దని పెద్దవాళ్లు గోల. అత్త ఖోలీ లోపల మూలనుంచి అంది.

"పో బిడ్డా. గీ అన్ననైన తోల్కపో."

ఇప్పుడు ముంబైలో, హాస్పిటల్ లైన్‌లో కూర్చుని ఇది టైప్ చేస్తున్నా. పక్కన కాక. ఇప్పటికే రెండుసార్లు లేచి "మల్లొకనాడు వద్దమా బిడ్డా" అన్నాడు. ఒక చేత్తో ఆయన చొక్కా పట్టుకుని కూర్చున్నా.

నీ చొక్కా కూడా ఇట్లాగే పట్టుకోవాల్సింది మామా. పట్టుకోలేదు.

కోపం ఇప్పట్లో పోదు. నువ్వు మాత్రం ఏ నొప్పీ లేకుండా, నెమ్మదిగా పడుకో.