ఎడమకి వాలిన స్టీరింగు

అమ్మిరాజుగారు ముందు టైరు చూస్తారు, తర్వాతే మనిషిని. భీమవరంలో ఎవరైనా కారు దిగి "బావున్నారా అండీ?" అంటే జవాబు ముందు చక్రం దగ్గర్నుంచి వస్తుంది. అప్పటికే ఆయన పంచె ఎగ్గట్టి, గొంతుక్కూర్చుని, అరచేత్తో టైరు నిమురుతూ ఉంటారు. చెయ్యి ఒకవైపు నున్నగా జారి, వెనక్కి లాగితే పిల్లి నాలుకలా గరుకు తగిలిందా, ఇక ఆ మనిషి చిక్కినట్టే.

"చక్రాలు తిన్నగా చూడట్లేదండీ. అలైన్‌మెంటు చేయించండి!"

ఇంతా చేసి, రొయ్యల చెరువులున్న ఈ రాజుగారు తిరిగేది స్కూటరు మీద.

మేనకోడలికి సంబంధం వస్తే అందరూ పెళ్లికొడుకుని చూశారు. ఈయన వీధిలోకెళ్లి కారు చూసొచ్చారు.

"కుర్రాడు పిసినారండీ. టైర్లు రెండంచులా అరిగాయి. గాలి కూడా కొట్టించడు."

"అది వాళ్ల నాన్నగారి కారండీ," అన్నారు భార్య వరలక్ష్మమ్మ.

"అయితే వంశంలోనే ఉంది."

పక్కింటి గణేష్‌బాబు పోయిననాడు కూడా, శవాన్ని తీసుకెళ్లే వ్యాను చక్రం ముందు వంగారాయన. గుమ్మంలోంచి అది చూసి గణేష్‌బాబు భార్య ఆశాజ్యోతికి ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది.

గణేష్‌బాబు కారులోనే ఇప్పుడామె కాలేజీకి పాఠాలు చెప్పడానికి వెళ్తోంది. ఒకప్పుడు ఉండి అనే ఊరికెళ్లే రోడ్డులో గోతిలో దిగి దాని స్టీరింగు ఎడమకి వాలిపోయింది. గణేష్‌బాబు బాగుచేయించలేదు. "నీవైపే చూస్తోంది, ఉండనీ," అనేవాడు. అప్పట్లో ఆమె కూర్చునేది ఎడమ సీట్లో. పోయినవాళ్లు పటంలో ఉండాలనీ, దానికి దండ వెయ్యాలనీ లోకం తీర్మానించింది. ఆశాజ్యోతికి పటంలో గణేష్‌బాబు దొరకలేదు. ఆ వంకరలో దొరికాడు. ఇప్పుడు కుడి సీట్లో కూర్చుని, ఖాళీగా ఉన్న ఎడమ సీటు వైపే చూసే ఆ స్టీరింగుని పట్టుకుని రోజూ వెళ్లొస్తోంది.

రోజూ గేటు దగ్గర అమ్మిరాజుగారు. "అమ్మాయ్, అలైన్‌మెంటు!"

"వద్దండి రాజుగారూ."

వానలు మొదలయ్యే ముందు ఆయన ఊరుకోలేదు. ఆమెని కూడా వంగి చూడమన్నారు. టైర్ల లోపలి అంచు అరిగి ఉక్కు తీగలు బయటపడి మెరుస్తున్నాయి.

"ఒక్క జల్లు పడితే జారి కాలవలో పడతావమ్మా."

"కొత్త టైర్లు వేయిస్తాను. స్టీరింగు మాత్రం ముట్టుకోనివ్వను."

"అవీ ఇలాగే అరుగుతాయి."

"అరగనివ్వండి! తిన్నగా చేసేస్తే ఆయనింక ఎక్కడుంటారండీ?" అరిచేసి, తలుపుకి ఆనుకుని నిలబడిపోయింది. స్టీరింగు సంగతి ఆమె ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అప్పుడే మొత్తం చెప్పేసింది.

అమ్మిరాజుగారు జీవితంలో మొదటిసారి టైరు వదిలి మనిషి మొహంలోకి చూశారు. తర్వాత సీట్లో కూర్చుని స్టీరింగు ఎంత వాలిందో కొలిచినట్టు పట్టుకున్నారు.

"నన్ను నమ్ముతావా? తాళాలియ్యి."

ఇచ్చింది. ఇచ్చిందే గానీ ఆ రోజు ఆమె ఏం పాఠం చెప్పిందో పిల్లలకీ తెలియదు, ఆమెకీ తెలియదు. కళ్లముందు ఒకటే బొమ్మ: ఎవరివైపూ చూడని తిన్నని స్టీరింగు.

సాయంత్రం తాళాలు చేతిలో పెట్టి రాజుగారు స్కూటరెక్కి వెళ్లిపోయారు. ఆమె కారు తీసి రోడ్డెక్కింది. కొత్త టైర్లు. బండి గీత గీసినట్టు పోతోంది. స్టీరింగు మాత్రం ఎడమకి, ఎప్పుడూ వాలినంతే, వాలి ఉంది.

నమ్మలేక కారు పక్కకి ఆపింది. అప్పుడే ఫోను మోగింది. అలైన్‌మెంటు షాపాయన.

"మేడమ్, స్టీరింగు అలా వంకరగానే బిగించి ఉంచి, చక్రాలు మాత్రం తిన్నగా పెట్టించారండి రాజుగారు. టైర్లకేం భయం లేదండి. సరిచేస్తామంటే మమ్మల్ని కొట్టినంత పని చేశారండి."

"చాలా థాంక్సండీ," అంది ఆశాజ్యోతి. కళ్లు తుడుచుకుంటూనే నవ్వేస్తోంది.

"థాంక్స్ ఎందుకు లెండి. ఒక్క సాయం చెయ్యండి మేడమ్. ఆ స్టీరింగు చూసి ఎవరైనా ఎక్కడ చేయించారని అడిగితే, మా షాపు పేరు మాత్రం చెప్పకండి."