అద్దంలో పన్నెండు క్లిప్పులు

ఫ్యాషన్ పత్రిక మే నెల సంచిక నలభై రెండో పేజీలో, ఆకుపచ్చ పట్టు గౌను తొడుక్కున్న సుందరి గడ్డం పైకెత్తి నిలబడి ఉంది. ఆమె వెనక నిలువుటద్దం. అద్దంలో ఆమె వీపు. ఆ వీపు మీద, మెడ నుంచి నడుము దాకా, బట్టలారేసే చెక్క క్లిప్పులు. మొత్తం పన్నెండు. ఎవరైనా గమనించేసరికి పత్రిక న్యూయార్క్ దాటి దేశమంతా వెళ్లిపోయింది.

ఆ క్లిప్పులు ఫిలొమీనా తెదెస్కోవి.

ఫిలొమీనాకి యాభై మూడేళ్లు. చిన్నప్పుడు జాకెట్ల ఫ్యాక్టరీలో బొత్తాలు కుట్టింది. భర్త గయెతానో ఓడరేవులో పనిచేస్తూ పోయాక ఈ పత్రిక స్టూడియోలో చేరి పంతొమ్మిదేళ్లయింది. కంపెనీల నుంచి నమూనా గౌన్లు ఒకే కొలతలో వస్తాయి. వాటిని తొడుక్కునే పిల్లలేమో చీపురుపుల్లల్లా ఉంటారు. వదులుగా వేలాడే గౌనుని వెనక్కి లాగి, మడతలు పట్టి క్లిప్పులు పెడితే ముందువైపు ఒంటికి అతికినట్టు కూర్చుంటుంది. అదే ఆమె ఉద్యోగం. నోట్లో ఎప్పుడూ రెండు క్లిప్పులుండటం వల్ల ఆమెకు నెమ్మదస్తురాలని పేరొచ్చింది.

ఆ పేజీని అచ్చుకు ముందు అందరూ చూశారు. ఫొటోగ్రాఫర్ లిండ్‌క్విస్ట్ వెలుతురు చూసుకున్నాడు. ఫొటోలకు మెరుగులు దిద్దే ఆయన అమ్మాయి భుజం మీది పుట్టుమచ్చను శ్రద్ధగా చెరిపేశాడు. ఎడిటర్ మిస్ హార్క్‌నెస్ చేతితొడుగుల రంగు నప్పిందో లేదో చూసింది. క్లిప్పుల్ని చూడకపోవడం వాళ్ల కళ్లకి ఏళ్ల తరబడి అలవాటైపోయింది.

వాటిని చూసింది ఒక్క ఫిలొమీనాయే. కళ్లద్దాలు పెట్టుకుని మరీ లెక్కపెట్టింది. వారం రోజులుగా ఆమె సంచీలో ఒక క్లిప్పు తక్కువొస్తోంది. అది ఇదిగో, ఎడమ భుజం కింద, గౌనుతోపాటే వెళ్లిపోయింది! హమ్మయ్య అనుకుని పేజీ తిరిగి ఇచ్చేసింది. ఈ సంగతి మాత్రం ఆమె ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

మొదటి ఉత్తరం అయోవా రాష్ట్రం నుంచి ఒక రైతు భార్య రాసింది. "మా క్లిప్పులు తొందరగా విరిగిపోతున్నాయి. మీరెక్కడ కొంటారు?" వారంలో అలాంటివి నలభై వచ్చాయి. వాటి వెనకే గౌన్ల కంపెనీ యజమాని జెల్లర్ వచ్చాడు.

"నా గౌనుకి క్లిప్పులా! అవి పెట్టినావిడని తీసెయ్యండి. లేదంటే వచ్చే నెల నుంచి నా ప్రకటనలు ఇంకో పత్రికకి."

"శుక్రవారం చెబుతాను," అంది మిస్ హార్క్‌నెస్.

ఫిలొమీనా బ్రూక్లిన్‌లో ఇంటికెళ్తే ఆడపడుచు అసుంతా ఆ పేజీని కత్తిరించి వంటింటి గోడకి అంటించి ఉంది.

"ఇన్నేళ్లకి నీ పని అచ్చయింది వదినా. అందుకు ఉద్యోగం ఊడబెరుకుతున్నారా?"

"నవ్వకే. ఈ కళ్లతో నన్ను ఏ ఫ్యాక్టరీవాడు రానిస్తాడు?" అంది ఫిలొమీనా. ఆ రాత్రి మాకరోనీ ఉడకబెట్టి, ఉప్పు వెయ్యడం మరిచిపోయింది.

శుక్రవారం శరత్కాలం గౌన్లకి ఫొటోలు. జెల్లర్ స్వయంగా వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఇవాళ క్లిప్పులొద్దు. నా గౌను దానంతటది నిలబడుతుంది."

ఫిలొమీనా సంచీ పక్కన పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. వెర్నా అనే అమ్మాయి గౌనుని మోచేతులతో అదిమిపట్టుకుని దీపాల ముందుకొచ్చింది.

"చేతులు వదులు వెర్నా," అన్నాడు లిండ్‌క్విస్ట్.

"నేను వదిలితే ఇది కూడా నన్ను వదిలేస్తుంది సార్."

"వదలమ్మా, ఏం కాదు!" అన్నాడు జెల్లర్.

వెర్నా ఒక చెయ్యి టోపీ దగ్గరికి ఎత్తింది. గౌను ఏ తొందరా లేకుండా మోకాళ్ల దాకా దిగి అక్కడ ఆగింది. లోపలి లంగాతో వెర్నా, అదే చిరునవ్వుతో, కదలకుండా నిలబడింది. లిండ్‌క్విస్ట్ అలవాటు కొద్దీ ఫొటో తీసేశాడు.

జెల్లర్ తన టోపీ లోపలి గుడ్డని చాలాసేపు పరీక్షించాడు. తర్వాత ఎవరి వంకా చూడకుండా, "ఆ సంచీ ఎక్కడ?" అన్నాడు.

"ఫిలొమీనా, కానివ్వు," అంది మిస్ హార్క్‌నెస్. "సోమవారం పెందలాడే రా, ఉన్ని కోట్లు వస్తున్నాయి."

లిండ్‌క్విస్ట్ లేచి వెళ్లి, అద్దాన్ని గోడవైపు తిప్పి పెట్టాడు. ఫిలొమీనా రెండు క్లిప్పులు నోట్లో పెట్టుకుని వెర్నా వెనక చేరింది. ఈసారి పద్నాలుగు పట్టాయి. జెల్లర్‌కి కుర్చీలో కుదురు లేదు. వెనక్కొచ్చి నిలబడి లోగొంతుకతో మొదలుపెట్టాడు.

"నలభై ఉత్తరాలమ్మా! ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నా గౌను మాట ఎత్తలేదు. అందరూ నీ క్లిప్పుల గురించే!"

ఫిలొమీనా నోట్లోంచి క్లిప్పులు తీసింది.

"పంతొమ్మిదేళ్లుగా మీ గౌన్లనే చూశారు కదండీ, ఒక్క నెల వీటినీ చూడనివ్వండి."