రెండు సబ్బాతుల చేను

మొన్న గద్వాల బస్టాండులో వనపర్తి బస్సు కోసం నిలబడి ఉంటే, గొడుగు చంకలో పెట్టుకున్న ఒక పెద్దమనిషి నా చేతిలో కరపత్రం పెట్టాడు. నిజమైన విశ్రాంతి దినం ఏది అని పైన ఎర్ర అక్షరాల్లో ఉంది. దేవుడు సృష్టి ముగించి ఏడో రోజున విశ్రమించాడు గనుక శనివారమే సబ్బాతు అని, ఆదివారం మనుషులు తర్వాత పెట్టుకున్నదని లోపల వాదన. ఆయన మాత్రం పాపం చెమటలు కక్కుతూ ఒక బస్సు దగ్గర్నుంచి ఇంకో బస్సు దగ్గరికి ఉరుకుతున్నాడు. విశ్రాంతి గురించి కొట్లాడేవాళ్లు ఒక్కచోట కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. మా మేనత్తా అంతే, ఆమె భర్త, మా మామా అంతే.

నన్ను పెంచింది వాళ్లిద్దరే. అమ్మానాన్నలు పూణే వైపు మట్టిపనికి వలసపోతూ నన్ను అత్త దగ్గర వదిలేవాళ్లు. వాళ్లకు పిల్లలు లేరు. మల్దకల్ దాపున ఉన్న మా ఊళ్లో మావాళ్లందరిదీ ఆదివారం చర్చే. అత్త పాట ఎత్తుకుంటే మామ కంజీర కొట్టేవాడు. ఆ కంజీర దెబ్బకు చర్చి రేకులమీది పావురాలు అలంపూర్ దాకా ఎగిరిపోయేవని నేను చెబుతుంటాను, కాదన్నవాళ్లు తక్కువ. అట్లాంటి మామ కొన్నేళ్ల కింద వనపర్తిలో ఇల్లు కట్టే పనికి పోయి, అక్కడ శనివారం కూడుకునే సంఘం వాళ్ల మాటలు విని, మనిషి మారి తిరిగొచ్చాడు. దేవుడు ఆజ్ఞను రాతిమీద చెక్కాడు, చెరపాలనుకుంటే పలకమీదే రాసేవాడు కదా అన్నాడు. ప్రభువు సమాధిలోంచి లేచింది ఆదివారం, ఆయన లేచిన రోజును విడిచి ఆయన పడుకున్న రోజును పట్టుకుంటావా అని అత్త అడిగింది. పక్క చేను ఆసామి శనివారం శనివారం వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉంటాడు. "మా దేవుని వారం నీకెందుకయా, నీ వారం నీకు మంచిగనే ఉండె గద" అని మామను ఏడిపించేవాడు.

ఇదంతా మాటల్లోనే ఉంటే తెల్లారేసరికి చల్లారేది. కానీ ఆ ఏడే వాళ్లు మొదటిసారి సొంతంగా చేను కౌలుకు పట్టి, కంపెనీకి విత్తనం కోసం పండించే సీడ్ పత్తి వేశారు. అప్పటిదాకా ఒకరి చేన్లో కూలికి చేసిన పనే. సాయంత్రం ఆడ మొగ్గల్లోని పుప్పొడి గిల్లి పెట్టాలి, పొద్దున మగ పువ్వు తెచ్చి వాటికి రుద్దాలి. ఏ పూట పువ్వు ఆ పూటదే, రేపటికి ఆగదు. సీజన్ నడిచినన్నాళ్లు పండగ లేదు, చుట్టం లేడు. ఆ పనిలో మామ శుక్రవారం పొద్దుగూకితే చేయి కడుక్కుంటాడు, మళ్లీ శనివారం పొద్దుగూకేదాకా మొగ్గ ముట్టడు. శనివారం ఇద్దరి పనీ అత్త మీద పడేది. ఆదివారం ఆమె తెల్లచీర కట్టుకుని చర్చికి పోతే ఇద్దరి పనీ మామ మీద. ఇంట్లో రెండు విశ్రాంతి దినాలు వచ్చి ఇద్దరికీ విశ్రాంతి లేకుండా పోయింది. బర్రె కూడా శనివారం అత్తకు, ఆదివారం మామకు పాలిచ్చి, సోమవారం ఎవరినీ దగ్గరికి రానివ్వక తన సబ్బాతు తాను పాటించిందని నేను నాగర్‌కర్నూల్‌లో చెబితే, ఒకాయన ఆ బర్రెను బేరమాడాడు.

నవ్వులాట సరే, మెల్లగా వాళ్లిద్దరికీ మాటలు బందయ్యాయి. పొయ్యి రెండయింది. పంట చేతికి రాగానే వనపర్తికి పోయి ఆ సంఘం దగ్గరే ఉంటానన్నాడు మామ. పోనీ అంది అత్త. ఇద్దరి మధ్యా నేను గద్వాల నుంచి మోటారుసైకిల్ మీద తిరిగి తిరిగి టైర్లు అరగదీశాను. ఒకరి దగ్గర కూర్చుంటే రెండోవాళ్లు ఏమనుకుంటారోనని చేన్లో వాళ్లు వేసుకున్న గుడిసె బయటే నిలబడి మాట్లాడి వచ్చేవాణ్ణి. పెళ్లయిన నా వయసులో, మళ్లీ నన్ను ఎవరి దగ్గర వదిలేస్తారోనన్న పిల్లవాడి భయం పట్టుకుంది.

అప్పుడు ముసురు పట్టింది. తెరిపి లేని వాన. వాగు వచ్చి చేనుకూ ఊరికీ దారి తెగింది, కరెంటు పోయింది, ఫోను చచ్చింది. తడిసిన పువ్వుకు పని లేదు గనుక ఇద్దరూ గుడిసెలో చెరో మూల. పని లేనప్పుడు రోజుకూ రోజుకూ తేడా ఏముంటుంది? ఎవరి లెక్క వాళ్లు మనసులో వేసుకున్నారు. మాటల్లేవు కాబట్టి ఇవాళ ఏ వారమని ఒకరినొకరు అడగలేదు.

వాగు తగ్గిన పొద్దున నేను చేరేసరికి ఎండ పొడిచింది. గుడిసె ముందు మామ ఉతికిన తెల్లచొక్కాలో, అత్త చర్చి చీరలో పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఒకటే పొయ్యి వెలిగి ఆరినట్టుంది. ఒకే తట్టలో జొన్నరొట్టె, పచ్చిపులుసు. మామ రొట్టె తుంచి అత్త ముందు పెడుతున్నాడు. నేను బిత్తరపోయాను. అత్త నన్ను పక్కకు పిలిచి, "మీ మామకు ఇయ్యాల తెలివొచ్చిందిరా అల్లుడా. ఆదివారం ఒప్పుకుండు. నువ్వేం అనకు, సిగ్గువడ్తడు" అంది. కాసేపటికి మామ బర్రె దగ్గరికి తీసుకుపోయి, "చూసినవా, శనివారానికొచ్చింది మీ అత్త. గెలిచిన్నని అనను, జర మంచిగ చూసుకుంట" అన్నాడు.

ఆ రోజు శుక్రవారం.

నోరు ఆగని నేను ఆ రోజు నోరు కుట్టేసుకున్నాను. కానీ పక్క చేను ఆసామికి ఆ కుట్టు లేదు కదా. కూలీలతో గట్టు మీద పోతూ ఆగి, "ఏమయా, శుక్కురారం పూట ఇద్దరు తెల్లబట్టలు కట్టిన్రు, నమాజుకు వోతుండ్రా ఏంది?" అన్నాడు.

ఆసామి గట్టు దిగి పోయాడు. అత్త మామ వైపు చూసింది. మామ చేను వైపు చూశాడు. ఎండకు తేరుకున్న చెట్లనిండా మొగ్గలు. సాయంత్రానికి గిల్లకపోతే రేపటి పువ్వు పోయినట్టే. ఆయన లేచి చొక్కా గుండీలు విప్పుకోబోయాడు.

"కూసో" అంది అత్త.

"శుక్రవారమే గదనే."

"ఏదైతేంది. తినంగ తినంగ లేస్తరా ఎవరన్న? కూసో."

ఆయన కూర్చున్నాడు. నేను చేనులోకి దిగి, అత్త చిన్నప్పుడు నేర్పినట్టే, పొద్దుగూకేదాకా చేతనైనన్ని మొగ్గలు గిల్లాను. తిరిగొచ్చేసరికి వాళ్లిద్దరూ గుడిసె ముందు చాప మీద నిద్రపోతున్నారు, అత్త చేయి మామ మోచేతి కింద.

మామ వనపర్తికి పోలేదు. ఆ మర్నాడు ఆయన శనివారం పట్టాడు, ఆ తర్వాత ఆమె ఆదివారానికి పోయింది, కొట్లాట ఇప్పటికీ నడుస్తూనే ఉంది. కాకపోతే పొయ్యి ఒకటే, అరుపులు పొయ్యికి అటూ ఇటూ. దేవుడి రోజు రెండింట్లో ఏదో నాకు తెలియదు. శనివారాలూ ఆదివారాలూ పేర్లతో వచ్చి పేర్లతోనే పోయాయి గానీ, ఇన్నేళ్లు వెనక్కి తిరిగి చూస్తే ఆ ఇంట్లో ఇంకా గడిచిపోకుండా మిగిలింది లెక్క తప్పిన ఆ ఒక్క పూటే.